కిటికీలో కొండ కావాలన్న మనిషి

మా మావయ్య పేరేమిటో నాకు తెలియదు. ఇలా మొదలుపెడితే వేళాకోళం చేస్తున్నాననుకుంటారు. అమ్మకి సొంత అన్నయ్య, మా పెరటి గదిలో ఏళ్ళ తరబడి ఉన్నవాడు, నా పెళ్ళిలో నన్ను గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చినవాడు. ఆయన పేరు తెలియకపోవడమేమిటి? పాత పేరు తెలుసు. ఆ పేరుకి రాజమండ్రిలో గోదావరి ఒడ్డున పిండాలు పెట్టడం అయిపోయింది. పెట్టింది కూడా ఆయనే. ఆ తరవాత వచ్చిన పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని ఇక్కడ మావయ్య అనే రాస్తాను.

ఆయన పోయాడని ఫోను వచ్చిన రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. మాఘమాసం, పొద్దున్నే. చైనాలో మెడిసిన్ చదువుతున్న భీమవరం కుర్రాడు చేశాడు. అక్కడ మన పిల్లలు పెట్టుకున్న మెస్సులో మావయ్యే వంట చేసేవాడు.

"ఆంటీ, మావయ్యగారు పొద్దున్న లేవలేదండి. నిద్రలోనే పోయారండి" అన్నాడు. ఆ పిల్లలందరికీ కూడా ఆయన మావయ్యగారే.

అమ్మ ఫోను నా చేతికిచ్చి గోడకి చేరగిలబడింది. ఆ కుర్రాడు నాకు చెప్పాడు. "ఇక్కడ టౌనులో అయితే కరెంటు మీద కాల్చేస్తారండి. మావయ్యగారు అద్దెకున్న ఇంటి ముసలావిడేమో వాళ్ళ ఊళ్ళో కొండ మీద, తన చేను పక్కన పాతిపెడదామంటోందండి. మనవాళ్ళు పాతిపెట్టరని చెప్పినా వినట్లేదండి. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి."

మా పురోహితుడు అవధానిగారికి కబురు పెట్టాం. ఆయన గబగబా వచ్చారు గానీ, విషయం విని వాకిట్లోనే ఆగిపోయారు. "ఏ పేరున చెయ్యమంటారమ్మా? పాత పేరు గలాయనకి నేనే దగ్గరుండి అన్నీ చేయించాను. ఒకే మనిషికి రెండుసార్లు చెయ్యకూడదు. కొత్త పేరు మీకు తెలుసా?" అన్నారు.

మాకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషి అప్పటికే పోయింది. పేరు లేకుండా వదిలిన నీళ్ళు ఎవరికీ అందవన్నారు అవధానిగారు. సాయంత్రం దాకా ముగ్గురం అలా కూర్చునే ఉన్నాం. ఆయన ఎలాంటివాడో చెబితేగానీ ఈ గొడవంతా ఎలా వచ్చిందో మీకు అర్థం కాదు.

మావయ్య కాలవ లాకుల దగ్గర గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. కాలవలో నీళ్ళు ఎంతెత్తున ఉన్నాయో చూసి రాసుకోవడం ఉద్యోగం. పెళ్ళైన కొత్తలోనే అత్తయ్య పోయింది, పిల్లల్లేరు. నాన్నగారు నా చిన్నప్పుడే పోవడంతో, చెల్లెలికి తోడని మా పెరటి గదిలోకి వచ్చేశాడు. నన్ను బడికి దిగబెట్టిందీ, లెక్కల్లో తప్పితే తిట్టిందీ ఆయనే. పొడుగ్గా, కాస్త ముందుకి వంగి ఉండేవాడు. మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్ళ మొహంకేసి చూడకుండా వాళ్ళ నెత్తిమీదుగా ఎక్కడో పైకి చూసేవాడు. కొత్తవాళ్ళు వెనక్కి తిరిగి, ఏముందా అని చూసేవారు. కొబ్బరి తలలే ఉండేవి.

"మన నేలంతా ఇలా ఉంటుందమ్మడూ" అని అరచేతిని గాలిలో బల్లపరుపుగా జరిపేవాడు. జరిపి జరిపి చివర్న వేళ్ళు మాత్రం పైకి లేపేవాడు. "ఎక్కడో ఒకచోట ఇలా లేవాలి. లేవకపోతే మనిషికి చూపు ఎక్కడ ఆనుతుంది?"

కొండల పిచ్చి అది. నెలకోసారి పాసింజరెక్కి తుని దాకా పోయేవాడు. అక్కడ ఎవరూ లేరు, పనీ లేదు. ప్లాట్‌ఫారం చివర బల్ల మీద కూర్చుని కొండలు చూసి, ఇడ్లీ తిని, వచ్చే బండికి తిరిగొచ్చేవాడు. "అంత ముచ్చటగా ఉంటే తునిలోనే గది తీసుకోరాదూ" అని అమ్మ దెప్పేది.

"ఆ కొండలు మనల్ని ఎరుగునే. పుట్టినప్పట్నించీ చూస్తున్నాయి. నాకు, నేనెవరో తెలియని కొండ కావాలి" అనేవాడు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. ఎవరో వింటారన్నట్టు చెప్పేవాడు. 

ఆ రోజుల్లోనే మా వైపు పిల్లలు మెడిసిన్‌కి చైనా వెళ్ళడం మొదలైంది. ఇక్కడ సీటు రానివాళ్ళు, వచ్చినా డబ్బు కట్టలేనివాళ్ళు ఏజెంటుని పట్టుకుని వెళ్ళేవారు. మా వీధిలో మందుల షాపాయన కొడుకు అలాగే వెళ్ళి, సెలవులకొచ్చి ఫొటోలు చూపించాడు. అందులో ఒక గది ఫొటో ఉంది. ఇనప మంచం, కుర్చీ, పెద్ద కిటికీ. కిటికీ నిండా కొండ. ఆకాశం కనబడాలంటే కిందకి వంగి పైకి చూడాలట.

"అద్దె ఎంతబ్బాయ్?" అన్నాడు మావయ్య.

ఆ కుర్రాడు చెప్పాడు. మావయ్య నమ్మలేదు. రాజమండ్రిలో ఆ అద్దెకి సైకిలు పెట్టుకునే చోటు కూడా రాదు. కూరలు చవక, బియ్యం చవక, పింఛను మీద దర్జాగా బతకొచ్చని, పైగా మన వంట చేసిపెట్టే మనిషి కోసం పిల్లలు మొహం వాచి ఉన్నారని ఆ కుర్రాడు చెబుతూనే ఉన్నాడు. మావయ్య ఫొటో తిరిగివ్వలేదు.

"చైనాలో ఏం తింటావు? పాములు తింటారట" అంది అమ్మ.

"నేను తిననుగా" అన్నాడు.

ఏజెంటుకి కాగితాలిచ్చాడు. పాస్‌పోర్టు వచ్చింది. ఉగాది ముందు ప్రయాణం అనుకున్నారు. ఇంతవరకూ మా ఊళ్ళో అందరూ నవ్వుకున్న కథే. ఒకరోజు అన్నం తింటూ మామూలుగా చెప్పాడు. "వెళ్ళేముందు నా కర్మ నేను చేసేసుకుంటానే. అంత దూరంలో పోతే ఎవరు చేస్తారు? దాని పెళ్ళైపోతే అది వేరే ఇంటిది. నువ్వు ఆడదానివి. వారసులు లేనివాళ్ళు బతికుండగానే చేసుకోవచ్చట, అవధానిగారిని అడిగాను."

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "నోటికొచ్చినట్టు వాగకు అన్నయ్యా" అంది. కానీ ఆయన అనుకున్నాడంటే అయిపోయినట్టే.

ఒంటరిగా ఎలా పంపుతామని అమ్మా నేనూ కూడా వెళ్ళాం. రేవులో పైమెట్ల మీద కూర్చున్నాం. కింద నీళ్ళ దగ్గర అవధానిగారు గోత్రం అడిగితే చెప్పాడు, పేరడిగితే చెప్పాడు. మంత్రంలో తన పేరు పక్కనే ప్రేత అన్న మాట వచ్చినప్పుడల్లా మావయ్య తల ఊపాడు. ఎవరో పిలిస్తే పలుకుతున్నట్టు ఊపాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎండలో కూర్చున్నా ఆ చెయ్యి చల్లగా ఉంది.

అంతా అయ్యాక తడిబట్టలతో మెట్లెక్కి వచ్చి, "మీరు ముందు నడవండి. వెనక్కి తిరిగి చూడకండి" అన్నాడు.

నడిచాం. ఆయన వెనకాలే వస్తున్నాడని తడిపంచె చప్పుడుకి తెలుస్తోంది. బస్ కాంప్లెక్సు దాకా అలాగే వచ్చాం. రావులపాలెం బస్సెక్కాం. కండక్టరొస్తే అమ్మ రెండు టిక్కెట్లడిగింది. అతను మా వెనక సీటుకేసి చూసి, "వెనకాయన మీ మనిషి కాదాండి?" అన్నాడు.   వెనకనించి మావయ్య గొంతు, "నాది నాకు వేరే ఇవ్వండి" అంది. అమ్మ మెడ బిర్రబిగుసుకుపోయి అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మకి జ్వరం తగిలింది.

అక్కడితో ఆగి, అనుకున్నట్టు ఆయన వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు. చైనాలో ఏదో ఊపిరాడని జ్వరం పుట్టి ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. అక్కడి మన పిల్లలే తిరిగొచ్చేశారు. విమానాలు లేవు, వీసాలు లేవు, ఎప్పుడిస్తారో ఏజెంటుకీ తెలియదు. కర్మ అయిపోయిన మనిషి మా పెరటి గదిలో వీసా కోసం కూర్చున్నాడు.

నవ్వొస్తుంది కదూ? మాకూ మొదట్లో వచ్చింది. కానీ ఆయనకది ఆట కాదు, నిజంగానే చచ్చిపోయినవాడిలా ఉన్నాడు. వీధి గుమ్మంలోంచి రావడం మానేశాడు, పెరటి తలుపే. మంచం తలవైపు ఉత్తరానికి తిప్పుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. అద్దం గోడకి తిప్పి పెట్టాడు, గెడ్డం చూసుకోకుండానే గీసుకునేవాడు. మేమందరం తిన్నాక అరటాకులో పెట్టి పెరటి గట్టు మీద ఉంచితే, మేం లోపలికి వచ్చాక వచ్చి తినేవాడు. నేను దగ్గర కూర్చుని వడ్డిస్తానంటే ఒప్పుకోలేదు. ఏడిపించాలని ఒకసారి చాటుగా నిలబడ్డాను. ఆయన ఆకు ముందు కూర్చుని, తినకుండా, ఎవరో పెట్టాలని ఎదురుచూస్తున్నవాడిలా చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నేను చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చేశాను. మళ్ళీ అలా చూడలేదు.

పింఛనుకోసం బతికున్నట్టు సంతకం పెట్టాల్సొచ్చి ట్రెజరీకి వెళ్ళొచ్చాడు. రోజంతా మొహం మాడ్చుకుని, "అబద్ధమాడి వచ్చాను" అన్నాడు.

"బాధగా లేదా మావయ్యా?" అని అడిగాను.

"లేదమ్మడూ. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. దేనికీ భయం లేదు" అన్నాడు. అని ఫొటో తీసి చూపించాడు. "ఇవాళ మంచు కిందదాకా దిగింది చూడు." నాకు ఫొటోలో ఎప్పుడూ ఉన్న కొండే కనబడింది. మర్నాడు, "ఇవాళ విడిచింది, వెనక ఇంకో కొండ ఉంది, దాని మీద దారి ఉంది" అన్నాడు. ఆయన పరాచికాలాడే మనిషి కాదు.

ఊళ్ళోవాళ్ళు మొదట తప్పుకుని నడిచారు. మంగలి రావడం మానేశాడు. తరవాత్తరవాత రావడం మొదలుపెట్టారు, అదీ సాయంత్రం, పెరటి వైపునుంచి. మా వెనక వీధి ముసలమ్మ ఒకావిడ, మొగుడు పోయి ఏడాది కాలేదు, పెరటి తలుపు పట్టుకుని నిలబడి, "మా ఆయన ఎక్కడైనా కనబడ్డాడా బాబూ?" అనడం నా చెవులారా విన్నాను.

 మావయ్య కసరలేదు, నవ్వలేదు. "ఇంకా అంత దూరం వెళ్ళలేదమ్మా. వీసా రాలేదు. వెళ్ళాక చూస్తాను" అన్నాడు. ఆవిడ తృప్తిగా తలూపి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇంకెవరెవరో వచ్చారు. అమ్మ పెరటి తలుపుకి తాళం వేస్తే గోడవతల నించుని అడిగారు.

ఇలా ఉండగా నా సంబంధం కుదిరింది. ఆ ఏడాది గోదావరి పుష్కరాలు. అవి మొదలైతే తరవాత ఏడాది పాటు ముహూర్తాల్లేవు. వైశాఖంలో చేసెయ్యాలన్నారు మగపెళ్ళివారు. కన్యాదానానికి బాబాయీ పిన్నీ ఉన్నారు. గంప దగ్గర వచ్చింది చిక్కు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామ. నాకున్నది ఒక్క మేనమామ. ఆయనకి కర్మ అయిపోయింది.

"వేరెవరైనా వరసైనవాళ్ళు పట్టుకోవచ్చులే" అన్నారు పెద్దవాళ్ళు.

నేను మొండికేశాను. "మావయ్య మొయ్యకపోతే నేను గంపలో కూర్చోను" అన్నాను. అంటే పెళ్ళి మానేస్తావా అన్నారు. మానేస్తానన్నాను. అమ్మ నన్ను కోప్పడలేదు. పెరటి గది గుమ్మంలో కూలబడి, "అన్నయ్యా, దానికి నాన్న లేడు. నువ్వూ లేవంటే ఎలారా దేవుడా" అని ఏడ్చింది.

మావయ్య లోపలినుంచే అన్నాడు. "తిరిగొస్తే మళ్ళీ వెళ్ళగలనో లేదోనే."

అవధానిగారు పుస్తకాలు తిరగేసి దారి ఉందన్నారు. తప్పిపోయిన మనిషికి పోయాడనుకుని కర్మ చేసేశాక అతను తిరిగొస్తే ఏం చెయ్యాలో అందులో ఉందట. మళ్ళీ పుట్టాలి. తల్లి ఒళ్ళో పెట్టుకోవాలి, పేరు పెట్టాలి, అప్పుడు మనుషుల్లో కలుస్తాడు. అసలు తల్లి ఎప్పుడో పోయింది. "నేను పెట్టుకుంటాను" అంది అమ్మ. అవధానిగారు తల అడ్డంగా ఊపారు. "నువ్వు కంటే నీ కొడుకవుతాడు తల్లీ. అమ్మాయికి అన్నో తమ్ముడో అవుతాడు. మేనమామ ఎక్కడినుంచి వస్తాడు?"

అప్పుడు గుర్తొచ్చింది చిన్నమ్మమ్మ. అమ్మకి పిన్ని. ద్రాక్షారామంలో ఒక్కతే ఉండేది. చూపు పూర్తిగా పోయింది, జన్మలో ఒక్క బిడ్డని కనలేదు. ఆవిడకి పుడితే అమ్మకి తమ్ముడి వరసే, నాకు మేనమామే. కారులో తీసుకొచ్చి విషయం చెబితే ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇన్నాళ్ళకా!" అంది.

నేతి కుండలో ముంచాలని పుస్తకంలో ఉందట. అంత నెయ్యి ఎవడు తెస్తాడని తలకీ ఒంటికీ రాసి సరిపెట్టారు. చిన్నమ్మమ్మ వసారాలో పీట మీద కూర్చుంది. మావయ్య కాళ్ళు ముడుచుకుని ఆవిడ ఒళ్ళో తల పెట్టి పడుకున్నాడు. ఆవిడ తొమ్మిది గజాల చీర చెంగు ఆయన మీద కప్పేసింది. అవధానిగారు మంత్రం చదివి, "ఇప్పుడు బయటికి తియ్యండి" అన్నారు.

చిన్నమ్మమ్మ చెంగు మీద చేతులు వేసి తడుముకుంది. అటూ ఇటూ తడిమింది. "ఇక్కడెవరూ లేరేవే" అంది.

మేమందరం చూస్తూనే ఉన్నాం. చెంగు కింద ఆకారం ఉంది. కానీ కదలడం లేదు. ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. అవధానిగారు మంత్రం ఆపేశారు. అమ్మ "అన్నయ్యా" అని పిలిచింది, పలకలేదు. అలా ఎంతసేపున్నామో చెప్పలేను. ఆ చూపులేని మనిషి చేతులు అదే చోట మళ్ళీ మళ్ళీ వెతుకుతుంటే నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది. నా మొండితనానికి నన్ను నేనే తిట్టుకున్నాను.

ఉన్నట్టుండి ఆవిడ, "ఆఁ, వచ్చాడు, వచ్చాడు" అంది. చెంగు తీసి, నెయ్యి కారుతున్న ఆయన వీపు మీద గట్టిగా చరిచింది. "ఏడవ్వేరా?" మళ్ళీ చరిచింది. "ఏడు నాయనా, ఏడిస్తేగానీ బతకవు."

మావయ్య ఏడ్చాడు. నోరంతా తెరిచి, ఒళ్ళంతా వణికిపోతూ, మాటా పాడూ లేకుండా ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను అంతకుముందు చూడలేదు. ఆపమన్నా ఆపలేకపోయాడు. చిన్నమ్మమ్మ బంగారపుటుంగరంతో తేనె నాలిక మీద రాసి, చెవిలో పేరు చెప్పింది. అవధానిగారు పైకి చెప్పమంటే, "నా పిల్లాడి పేరు, నా ఇష్టం" అంది. మావయ్యని తరవాత ఎంతడిగినా, "అది అమ్మకీ నాకూ ఉన్న సంగతి" అన్నాడు.

మిగతా సంస్కారాలు చైనానించి వచ్చాక తీరిగ్గా చేద్దామన్నారు అవధానిగారు.

పెళ్ళిలో గంప మావయ్యే మోశాడు. బాబాయి కొడుకులు రెండు పక్కలా పట్టుకున్నా, బరువంతా ఆయన మీదే. దగ్గరగా చూస్తే మొహం నున్నగా, లేతగా, కొత్తగా ఉంది. ఇంకా నేతి వాసన వస్తోంది. నా చెవి దగ్గర, "అమ్మడూ, నువ్విప్పుడు నాకంటే పెద్దదానివే, ఆశీర్వదించు" అన్నాడు. నవ్వబోయి ఆయన చేతులకేసి చూశాను. గంప అంచుని చంటిపిల్లాడిలా గుప్పిళ్ళతో బిగించి పట్టుకున్నాడు. మగపెళ్ళివారెవరో, "తమరి పేరండీ?" అనడిగితే, "చెప్పకూడదండి" అన్నాడు మర్యాదగా.

పుట్టాక ఆయనకి భయం పట్టుకుంది. చీకటంటే భయం, నీళ్ళంటే భయం. జన్మంతా కాలవ గట్టు మీద బతికినవాడు కాలవ దాటడానికి అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కొండ ఫొటో తలగడ కింద దాచేశాడు, తీసి చూడలేదు. పుష్కరాలైపోయి, దసరా వెళ్ళాక వీసా వచ్చింది. నేను చూడ్డానికి వచ్చేసరికి పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళకపోతే ఏం మావయ్యా?" అన్నాను.

"అప్పుడైతే నవ్వుతూ వెళ్ళిపోదును. నీ గంప కోసం వచ్చానుగా, ఇప్పుడు బెంగగా ఉంది" అన్నాడు. అది నిష్ఠూరం కాదు. జ్వరమొచ్చిన పిల్లలు తల నొప్పి అని చెప్పినట్టు చెప్పాడు. నాకు మాత్రం ఈనాటికీ ఆ మాట గుండెల్లో ఉండిపోయింది. ఆయనకి దొరికిన తేలికని లాక్కున్నది నేనే. కానీ మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ మొండికేస్తాను. ఆయన చేతుల్లో తప్ప ఆ గంపలో కూర్చోలేను.

వెళ్ళాడు. రెండేళ్ళపైన ఆదివారాలు ఫోను చేస్తూ ఉండేవాడు. కొండ ఫొటోలో ఉన్నట్టే ఉందట, ఇంకా దగ్గరట, మధ్యాహ్నం దాటితే గదిలో దీపం పెట్టుకోవాలట. వెనక ఇంకో కొండ ఉందా అని అడిగాను. ఉంది, దారీ ఉంది, అన్నాడు. అదేం గొప్ప సంగతి కాదన్నట్టు చెప్పి, పిల్లలకి చారు ఎలా పెట్టాడో చెప్పుకొచ్చాడు. చింతపండు ఎవరైనా వస్తుంటే పంపమనేవాడు. ఇంటిగల ముసలావిడకి ఆవకాయ రుచి చూపిస్తే జాడీ తన గదిలో పెట్టేసుకుందట. పింఛను ఖర్చే అవడం లేదని ఆశ్చర్యపడేవాడు.

"ఇక్కడ పోయినవాళ్ళని కొండవాలు మీద పెడతారే" అని ఒకసారి అమ్మతో చెప్పాడు. "పొద్దున్నే కూరలకి వెళ్తుంటే అందరూ వరసగా కూర్చుని చూస్తున్నట్టుంటుంది. పలకరించి వెళ్తుంటాను. మన వెనక వీధి ముసలమ్మతో చెప్పు, వాళ్ళాయన ఇటు రాలేదని."

చిన్నమ్మమ్మ, ఆయన వెళ్ళిన చలికాలంలోనే పోయింది. కడసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు, మావయ్యకి పెట్టిన పేరేమిటని అమ్మ అడిగింది. ఆవిడ నవ్వి, "పిల్లాడు పాలు తాగాడా?" అని అడిగి, అటు తిరిగి పడుకుంది.

అదీ సంగతి. ఆ మాఘమాసం సాయంత్రం ఫోను మోగే వేళ దగ్గరపడుతున్నా మేం ఏమీ తేల్చలేకపోయాం. పాస్‌పోర్టులో ఉన్న పేరు ఖాళీ అయిపోయిన పేరు. బాబాయి ఫోను చేసి, ఎలాగోలా అక్కడ కాల్పించెయ్యండి, ఇక్కడ ఏదో ఒక పేరుతో కానిచ్చేద్దాం అన్నాడు. అవధానిగారు అలా చెయ్యించలేనన్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "ఇంతకీ ఆయన పోయినట్టా, పోనట్టా? మాకు మైలైనా ఉందా, లేదా?" అని ఆయన మీద అరిచాను. 

అమ్మ పొద్దున్నించీ నోరు విప్పలేదు. అప్పుడు అడిగింది. "చిన్నమ్మ ఒళ్ళో పెట్టుకున్నది వైశాఖంలో కదండీ?"

"అవునమ్మా."

"అయితే ఇంకా మూడో ఏడు నిండలేదు."

అవధానిగారు కళ్ళజోడు తీసి అమ్మకేసి చూశారు. "నిండలేదు తల్లీ. పుట్టువెంట్రుకలు కూడా తియ్యలేదు" అన్నారు మెల్లిగా. ఆ వయసు పిల్లలకి నిప్పు పెట్టరు. పిండం లేదు, నీళ్ళు వదలడం లేదు, పేరుతో పని లేదు. మట్టిలో పెట్టి వచ్చేస్తారు. ఈ సంగతి ఆయనకి తెలియక కాదు. అరవయ్యేళ్ళ మనిషిని అలా చూడాలని ఆయనకి తోచలేదు, అంతే.

ఫోను మోగింది. నేను తియ్యబోతే అమ్మ లేచి వచ్చి తీసుకుంది.

"బాబూ, కాల్చకండి. ఆవిడ చెప్పినట్టే పాతిపెట్టండి. వాడు చిన్నపిల్లాడు" అంది. అన్నయ్యా అని తప్ప ఆయన్ని ఏనాడూ పిలవని మనిషి. "చలి ఊరంటున్నారుగా, మందపాటి దుప్పట్లో చుట్టండి."

అవతల ఆ కుర్రాడు ఏదో అడిగాడు. అమ్మకి సరిగ్గా వినబడక నావైపు ఫోను పట్టింది. తల ఎటు పెట్టాలి, ముఖం ఇండియా వైపు ఉండేలా తిప్పమంటారా అని అడుగుతున్నాడు. అమ్మకి చెప్పాను.

అమ్మ ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"వద్దు బాబూ, ఇటు తిప్పకండి" అంది. "మేం కనబడితే బెంగపెట్టుకుంటాడు. కొండవైపే ఉంచండి."